మూడడుగుల లెక్క

ఇంటి కొలత కుదరలేదు.
బయటి గోడ తూర్పు కొస నుంచి పడమర కొస దాకా
నూట పద్దెనిమిది అడుగులు.
లోపల గదులన్నీ, గోడల మందాలన్నీ కూడితే
నూట పదిహేను.
ఓస్బర్ట్ టేపు రెండో కొస పట్టుకుని
మళ్లీ నడిచాడు, గొణుక్కుంటూ.
మళ్లీ నూట పదిహేనే.

ష్రాప్‌షైర్ వాన. మార్చి నెల.
వాలులో మేస్తున్న గొర్రెలు తలలెత్తి మా వైపు చూశాయి,
కూడికలు రానివాళ్లని ఎప్పుడూ చూడనట్టు.

ఎదుట నిలబడితే ఈ భవంతికి వంక పెట్టలేం.
లేతపసుపు రాయి, నడుమ ద్వారం,
అటు ఐదు కిటికీలు, ఇటు ఐదు,
తల దువ్వి నడిపాపిట తీసినట్టు.
కుడివైపు చివరి కిటికీ అబద్ధం.
ఇటుకల మీద నల్లరంగు పూసి, తెల్లగీతలతో చట్రం గీసి,
సగం దించిన తెర కూడా వేశాడు ఏ పెయింటరో,
లోపల ఎవరో కునుకు తీస్తున్నారనుకునేలా.
వెనక ఉన్నది పొగగొట్టం.
అన్నీ సమానంగా ఉండాలన్నారు దొరలు,
కిటికీల్లో.

పక్కకు తిరిగితే ముసుగు జారుతుంది.
ఆ రాతిముఖం జానెడు మందం, అంతే.
దాని చాటున ఓకు దూలాల పాత ఇల్లు
నాలుగొందల ఏళ్లుగా
ఒంటికాలి మీద బరువు మోపి నిలబడి ఉంది.
దూలాల కీళ్ల దగ్గర వడ్రంగి చెక్కిన అంకెలు:
ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత ఐదు.
నాలుగు ఏమైందో ఆయనకే తెలియాలి.

హాల్లో పైకప్పు చూస్తే మెడ పట్టేస్తుంది.
సున్నంతో పోతపోసిన గులాబీలు, దానిమ్మలు,
తోక మీద నిలుచున్న ఒక చేప.
పోసినవాడు సముద్రం ఎరగడు కాబోలు,
చేపకి కనురెప్పలు పెట్టాడు.

పెద్ద మెట్లదారి ఎంత వెడల్పంటే
రెండు పట్టుగౌనులు ఎదురైనా
కుచ్చిళ్లు ఒరుసుకోవు.
మెట్లు మాత్రం అరగలేదు.
ఇంత పాత ఇంట్లో అరగని మెట్లు!
అనుమానం అప్పుడే రావలసింది నాకు.

టీ తెచ్చిన హెస్టర్ పగ్స్‌లీ
మా కాగితాల మీదికి వంగింది.
డెబ్బై దాటిన మనిషి, తాళాలగుత్తి ఆమె నడుముకే ఉంటుంది.
"మూడడుగులా?" అంది.
"మీరు అడగలేదుగా."

భోజనాల గదిలో గోడకి అంటించిన రంగుకాగితం మీద
నెమలి తోక అంచున వెంట్రుకంత చీలిక.
బొటనవేలితో నొక్కింది.
గోడ తెరుచుకుంది.

లోపల మెట్లు.
నా భుజాలు రెండు గోడలకీ రాసుకున్నాయి.
ప్రతి మెట్టూ ఒక పక్కనే
గరిటెలా గుంటపడింది.
చేతుల్లో బరువుతో దిగేవాళ్లు
ఎడమ భుజం గోడకి ఆనించి దిగేవారట.
ఆ ఎత్తున సున్నం మీద నల్లటి జిడ్డు చార,
పై అంతస్తు నుంచి వంటిల్లు దాకా
ఎక్కడా తెగని చార.
కిటికీ లేదు. నిజంది లేదు, రంగుదీ లేదు.

"మా అమ్మమ్మ పదమూడో ఏట పనిలో చేరింది,
బొగ్గు బాల్చీలు మొయ్యడానికి. ఇరవై రెండు పొయ్యిలు.
హాల్లో దొరసాని ఎదురైతే
గోడవైపు తిరిగి నిలబడాలి.
ఈ మెట్లంటే ఇష్టమట ఆవిడకి.
ఇక్కడ ఎవర్ని చూసీ మొహం తిప్పుకోనక్కర్లేదు.
చీకట్లో ఈల వేసేదట."

ఓస్బర్ట్ టోపీ తీశాడు.
బహుశా తల కప్పుకి తగిలి.
టేపు సాచాం.
అటు గోడా ఇటు గోడా కలిపి మూడడుగులు,
వెంట్రుకవాసి తేడా లేదు.

రాత్రి సత్రంలో నక్షా ముందేసుకున్నాను.
ముఖద్వారం అయింది, స్తంభాలు అయ్యాయి,
అబద్ధపు కిటికీకి తెర కూడా అయింది.
మెట్ల దగ్గరికొచ్చి పెన్సిలు మళ్లీ చెక్కాను.
గుంట ఒక్కో మెట్టుకి ఒక్కో లోతు,
అన్నిటికీ ఒకే గీత గీస్తే సరిపోదు.
నలభై ఒకటో మెట్టు దగ్గర వాన ఆగింది.
ఇంకా పదమూడు ఉన్నాయి.